సున్నపురాయిలో నల్లరాయి

భూపాలపల్లి నుంచి జనగామ వస్తున్న బస్సులో, నేను సైన్సు టీచరునని తెలియగానే పక్కసీటు పెద్దాయన సంచిలోంచి ఒక రాయి తీశాడు. పగిలిన సున్నపురాయి. దాని నడుమ కోడిగుడ్డంత నల్లటి చెకుముకిరాయి బిగుసుకుని ఉంది.

"గిది లోపలికెట్ల వోయింది సార్?"

చెప్పాను. కోట్ల ఏళ్ల కింద ఇక్కడ సముద్రముండేది. నీళ్లు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుపోతే, ఆ నీళ్లలోని సిలికా ఆ ఖాళీలోనే పేరుకుని గట్టిపడింది.

"అంటే, ఎవలూ వెట్టలే?"

"ఎవరూ పెట్టలేదు."

మళ్లీ అదే అడిగాడు. మూడోసారి కూడా అడిగేసరికి నా పాఠంలో ఏం తప్పిందో నాకు అర్థం కాలేదు.

"మాది సున్నం బట్టీ. రాయి ఏరుడు మా తమ్ముని పని. కాల్చినంక గిసొంటియి నల్లగ మిగిలేటియి. కావాల్నని కలుపుతున్నడని కొట్టి ఎల్లగొట్టిన. మొన్న నేనే బండ పలగ్గొడితే లోపట గిది కనవడ్డది."

ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. "జర మీరే చెప్పున్రి సార్. నా గొంతు ఇంటె పెట్టేస్తడు."

"హలో, ఎవలు?" అంది అవతలి గొంతు.

సముద్రం నుంచి మొదలుపెట్టాలో, అన్న నుంచి మొదలుపెట్టాలో తెలియక నేను ఆయన చేతిలోని రాయిని నా చేతిలోకి తీసుకున్నాను.