రెండోసారి వేలిముద్ర

మా సైన్సు టీచరమ్మ పోయారని మొన్న పొద్దున మార్త ఫోను చేసి చెప్పింది. ఆఖరి నెల రోజులూ టీచరమ్మ, డాక్టరైన మార్త నడిపే దవాఖానలోనే ఉన్నారట. ఏడవాల్సిన చోట నాకు ముందు కడుపు మండింది. ఆ నెల రోజులు కూడా దానికే దక్కాయి!

అరవైల్లో నల్లగొండ ఆడపిల్లల బళ్లో మాదిద్దరిదీ ఒకే బెంచీ. మాది నేతపని ఇల్లు. మార్త వాళ్ల నాయిన కూలికి బావులు తవ్వేవాడు. పై తరగతికి వెళ్లేటప్పుడు గ్రూపు ఎంచుకోవాలి, డాక్టరు కావాలంటే జీవశాస్త్రమే తీసుకోవాలి. ఆ ఏడు అందులో ఒక్క సీటే మిగిలింది. మార్త కూడా అదే అడిగింది, కానీ అది నాదేననుకున్నాను. మా బాపు నేత కోసం గళ్ల కాగితం మీద చీర అంచుల పువ్వులు గీస్తుంటే చూసి నేర్చిన చెయ్యి నాది. బొమ్మల్లో నన్ను మించినవాళ్లు బళ్లో లేరు.

టీచరమ్మ మార్కులు చూడలేదు. చెరో కప్పనిచ్చి, కోసి, గుండె గీయమన్నారు. నేను కప్పను ముట్టుకోకుండానే పుస్తకంలో బొమ్మను గుర్తు తెచ్చుకుని అచ్చు గుద్దినట్టు గీసేశాను. మార్త బొమ్మ వంకర టింకరగా వచ్చింది.

"నువ్వు పుస్తకాన్ని గీసినవ్. అది కప్పను గీసింది" అన్నారు టీచరమ్మ. సీటు మార్తకిచ్చి, నన్ను లెక్కల్లో వేశారు.

కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. నా దస్తూరీ బాగుంటుందని అందరి దరఖాస్తులూ నాతోనే రాయించేవారు. మార్త కాగితంలో జీవశాస్త్రం అని ఉండాల్సిన చోట గణితం అని రాశాను. నేను రాశానన్న నమ్మకంతో అది చదువుకోనైనా లేదు. చదువు రాని వాళ్ల నాయిన కింద వేలిముద్ర వేశాడు.

టీచరమ్మ కనిపెట్టి నన్నొక్కదాన్నే పిలిచారు. తిట్టలేదు. కొత్త కాగితం చేతిలో పెట్టారు.

"మల్ల రాయి. ఏలిముద్ర గూడ నువ్వే పోయి ఏపిచ్చుకరా. గీ సంగతి మార్తకు నేనైతే జెప్ప."

మిట్టమధ్యాహ్నం ఊరి బయట బావి దాకా నడిచాను. పైకెక్కి వచ్చిన మార్త నాయిన కాగితం చూసి బెదిరిపోయాడు.

"ఏమైంది బిడ్డా? నా ఏలు సక్కగ పడలేదా? మట్టిపని జేసి గీతలన్ని అరిగిపోయినయ్. నా బిడ్డ సదువు నాతోనే ఆగిపోతదా?"

సరిగ్గా పడలేదన్నట్టు తల ఊపాను. తప్పు ఆయన వేలి మీదికి నెట్టేశాను.

మర్నాడు మిగిలిన దరఖాస్తులన్నీ టీచరమ్మ మళ్లీ నాకే ఇచ్చారు. "చదివి ఇనిపిచ్చినంకనే సంతకం" అన్నారు, అంతే. తర్వాత లెక్కల టీచరునై ముప్పై ఏళ్లు నేను ఆ మాట తప్పలేదు. ఆ రోజు నలుగురిలో నిలబెట్టి ఉంటే నేను బడి మానేసేదాన్ని.

టీచరమ్మను సాగనంపి వస్తుంటే మార్త నా చెయ్యి పట్టుకుంది.

"మా నాయిన బతికున్నన్ని దినాలు నిన్నే యాది జేసేటోడు. గంత ఎండల నడిసొచ్చి నా బిడ్డ సీటు కాపాడిందనేటోడు. టీచరమ్మనడిగితే, ఔను, గా కాగితం ఆమెనే రాసిందన్నరు."

చెప్పేద్దామని నోరు తెరిచాను. మార్త కళ్లనిండా నీళ్లు. మళ్లీ మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం బావి దగ్గర ఆయన బొక్కెనలో వేలు ముంచి కడిగి, తువ్వాలుతో తుడిచి, గోట్లో మట్టి కనిపిస్తే మళ్లీ కడిగాడు. కాగితం గుంటపడేలా గట్టిగా అదిమి, భయంభయంగా నా మొహంలోకి చూశాడు.

"ఇప్పుడన్న మంచిగ పడ్డదా బిడ్డా?"