మూడో పాదం

బేస్ గిటార్ మాస్టారి ఫీజును బేరమాడి సగానికి దించానని, అంగడి బిడ్డగా నాకు గర్వం. కొన్నాళ్లకు ఆయనే "బ్లూస్ పాటకు వాయించే స్వరాల కార్డుల వరుస మొత్తం నీకు వచ్చేసింది" అని వీపు తట్టాడు.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే బస్సు సాత్తూరులో ఆగినప్పుడు, గిటారు ఒళ్లోకి తీసుకుని, తెలుగులో లెక్కపెట్టుకుంటూ ఆ వరుసే వాయించాను. పక్క సీట్లో, పెళ్లి ఆర్కెస్ట్రా కీబోర్డు ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన చెవి ఒగ్గాడు.

"ఏమప్పా, దీనికి మూడు పాదాలుండాయి. రెండే వాయించి మళ్లా మొదటికొస్తావే? పాటను ఇల్లు చేర్చవా?"

"మాస్టారు ఇంతే మొత్తమన్నారు సార్."

"బేరమాడితివా?"

నేను తలూపాను. ఆయన నా వేళ్లు పట్టుకుని మూడో పాదం తీగల మీద నడిపించాడు.

"మీకేమియ్యాల సార్?"

"కొసరుకు రేటేందప్పా?"

ఇప్పటికీ మూడో పాదానికి వచ్చేసరికి నా వేళ్లు తేలికపడతాయి. మొదటి రెండూ వాయిస్తున్నంతసేపూ వీపు మీద మాస్టారి చెయ్యి తగులుతూనే ఉంటుంది.