రెండు ఫ్లాపీలకూ బొట్టు

మొన్న దసరాకు అమ్మ నా లాప్‌టాప్‌కు కుంకుమబొట్టు పెడుతుంటే, నా కనుబొమ్మ మీది పాత మచ్చ సలిపినట్టయింది.

ఫ్లాపీల కాలం వాళ్లూ, ఒక ఫ్లాపీలో ఉన్నదంతా ఇంకోదానికి ఎక్కించే డిస్క్‌కాపీ కమాండ్ గుర్తుందా? ఒకటే డ్రైవు. ముందు అసలు ఫ్లాపీ పెట్టాలి, తర్వాత ఖాళీది. తారుమారైతే అసలుది తుడిచిపెట్టుకుపోతుంది.

జహీరాబాద్‌లో మా అన్న డిప్లొమా ప్రాజెక్టంతా ఒక్క నల్ల ఫ్లాపీలో ఉండేది. గుర్తు కోసం దానికి కుంకుమ చుక్క పెట్టే పని పదేళ్ల నాది. దసరా పూజయ్యాక అన్న బొట్టున్న ఫ్లాపీని ముందు పెట్టి, రెండోది తర్వాత పెట్టి కాపీ చేశాడు. తెరిచి చూస్తే రెండూ ఖాళీ. రెండింటికీ బొట్టు.

"ఒక్కదానికే పెట్టమన్న గదనే!" అని జుట్టు పట్టుకుని నా ముఖాన్ని టేబుల్ అంచుకేసి కొట్టాడు. కింద పడితే డొక్కలో తన్నాడు. కంట్లోకి రక్తం కారుతోంది.

"నేను పెట్టలే అన్నా!"

"అబద్ధమాడుతున్నవా?" ఇంకో తన్ను.

తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది, చేతిలో కుంకుమ భరిణెతో. పూజలో ఇంట్లోని ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టింది ఆమే. తర్వాత నా గాయానికి పసుపు అద్దుతూ గొణిగింది: "నేనని చెప్పకు బిడ్డా. వాడు నన్ను కొడతడు."

ఇన్నేళ్లూ చెప్పలేదు. అన్నా, ఈ పోస్టు నువ్వూ చూస్తావు. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. కోపమొస్తే రా. ఈసారి తలుపు దగ్గర అడ్డంగా నిలబడేది నేను.