బెరడునడగమన్న సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయారని మా మనవరాలు ఫోనులో చూసి చెబితే నేను నమ్మలేదు. కోరాపుట్‌లో ఆవిడ ఇంటికి ఫోను చేసి, కోడలి నోట విన్నాకే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాను. రూఢి చేసుకోనిదే దేన్నీ నమ్మకపోవడం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, కోరాపుట్, రాయగడ వాళ్ళని కలిపి ఆవిడ మా బోన్సాయ్ క్లబ్బు పెట్టారు. చెట్లు పెంచేవాళ్ళు మెత్తనివాళ్ళనుకుంటే పొరపాటు. కొత్తవాళ్ళెవరైనా ఐదేళ్ళుగా పెంచుతున్నానంటే, ఆవిడ చెట్టు వైపు చూడకుండా కుండీ ఎత్తి అడుగున కొత్తగా కొన్న నర్సరీ మట్టి ఉందేమో చూసేవారు. మునిగుడ నుంచి ఒకాయన ముచ్చటైన చింతచెట్టు తెచ్చినప్పుడు, "ఏ కొండ మీద పీకేవు నాయనా?" అని అడిగారు. తరవాతి మీటింగుకి ఆయన గింజ నాటి మొలిపించిన మొక్క తెచ్చారు.

ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. వానలు పడ్డాక సీజను తొలి మీటింగులో ఎవరి చెట్టును వాళ్ళు పరీక్షించకూడదు. పక్కవాళ్ళ చెట్టు కొమ్మను గోటితో కొంచెం గీకి చూడాలి. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగైతే పోయినట్టు. "నీ సెట్టంటే నీకు జాలి. పక్కోలికి ఉండదు," అనేవారు. జూనిపర్ అనే సూదాకుల చెట్టు విషయంలో మరీ పట్టుదల. దాని వేళ్ళు చచ్చినా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. మనం నీళ్ళు పోస్తూనే ఉంటాం.

"ఆకు అబద్దమాడతాది టీచరమ్మా. బెరడునడుగు."

నా చెట్లను గీకేది ఆవిడ, ఆవిడవి నేను. నేను గోరు పెట్టేటప్పుడు సూదికి భయపడే పిల్లలా ముఖం పక్కకి తిప్పుకునేవారు. జన్మంతా సూదులు వేసిన మనిషి. నాకు నవ్వొచ్చేది.

ఈ సీజను కార్యక్రమం ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పారు. వానల్లో వేళ్ళు కత్తిరించడం, దసరా తరవాత కొమ్మలకి తీగ చుట్టడం, చలికాలంలో రాయగడలో ప్రదర్శన, ఆ తరవాత మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు పాత క్వార్టర్ల గోడల్లో మొలిచిన జువ్వి మొక్కలు తెచ్చుకోవడానికి ప్రయాణం. ఎవరు నడపాలో మాత్రం చెప్పలేదు. నా దిగులంతా అదే. ఆవిడ లేకపోతే ఒకరి చెట్టును ఒకరు పొగుడుకుని, టీ తాగి లేచిపోయే క్లబ్బవుతుంది.

పరామర్శకి వెళ్ళినప్పుడు ఆవిడ జూనిపర్ లోపలి గదిలో స్టూలు మీద ఉంది. దగ్గరికి వెళ్ళబోతే కోడలు అడ్డం నిలబడింది. మీటింగుకి తనే తెస్తానని, అంతవరకు ముట్టుకోవద్దని అంది. నాకు అనుమానం పట్టుకుంది. మా క్లబ్బులో జయపురం ఆయన ఒకరు ఎన్నాళ్ళనుంచో ఆ చెట్టు అడుగుతున్నారు. కోడలు దీన్ని ఆయనకిస్తానని మాటిచ్చి, మాకు ఇలాంటిదే ఇంకోటి చూపిస్తుందేమోననుకున్నాను.

మొన్న తొలి మీటింగు జరిగింది. చర్చి వెనక రేకుల షెడ్డులో బల్ల మధ్య ఆ చెట్టును పెట్టారు. ఎవరో కుండీకి బంతిపూల దండ వేశారు. జయపురం ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఆకుల మీద నీళ్ళు చిలకరించారు. నేను ముందు కాండం మీద ఏటా చూసే పాత మచ్చ వెతికాను. ఉంది. చెట్టు అదే. అయినా మనసు కుదుటపడలేదు. ఆకు కొస వేళ్ళ మధ్య నలిపితే పుటుక్కున విరిగింది.

గోరు పెట్టబోయాను.

"పోయినావిడ చెట్టండీ. ఇప్పుడెందుకు?" అన్నారు జయపురం ఆయన.

గీకాను. లోపల గోధుమరంగు.

కోడలి మీద మండిపడబోయాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"ఆస్పత్రి నుంచొచ్చిన రోజే మాయత్త గీకి సూసుకుంది టీచరమ్మగారూ. సెట్టు పోనాదమ్మీ, ఎవుల్నీ ముట్టుకోనీకు, నీళ్ళు సిలకరించి మీటింగుకి తీసుకెల్లు అంది. మీరు జాలిపడి గోరెట్టరనుకుంది. గోరెడితే మాత్రం సీజను మీ సేతికే ఇచ్చీమంది."

తన చెట్టును తనే గీకారన్నమాట. ఆ ఒక్కసారికి నియమం తప్పారు. అప్పుడు ముఖం తిప్పుకున్నారో లేదో నేనడగలేదు.

ఇక ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో చెప్పాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళని చివర కూర్చోబెట్టాను. రేకుల మీద వాన మొదలైంది. బల్ల చుట్టూ అందరూ తలలు వంచి పక్కవాళ్ళ కొమ్మలు గీకుతున్నారు. మధ్యలో ఆ జూనిపర్, అన్నిటికంటే పచ్చగా.