మూత కింద నక్షత్రాలు

అబ్జర్వేటరీలో ఆవిడను అందరూ లెక్కలక్క అంటారు. అప్పుడప్పుడే పుట్టిన నక్షత్రాల ఫొటోలు ముందేసుకుని పెద్దవెన్ని, చిన్నవెన్ని అని లెక్కగట్టడమే ఏళ్ళ తరబడి ఆవిడ పని. ఇంట్లో చెంచాలెన్నో మాత్రం తెలియదని మొగుడు దెప్పుతుంటాడు.

ఆ లెక్కతో ఏం ఒరుగుతుందంటారా? దూరపు గెలాక్సీల నుంచి పెద్ద నక్షత్రాల వెలుగే మనదాకా వస్తుంది. బరువులో ఎక్కువ వాటా మాత్రం కంటికి ఆనని చిన్నవాటిదే. అందుకని దగ్గర్లో ఒక్కో పెద్దదానికి ఎన్ని చిన్నవి పుడుతున్నాయో చూసి, అదే లెక్క అక్కడా వేసి గెలాక్సీని తూస్తారు. ఆవిడకు చదువు చెప్పిన మాస్టారు జీవితమంతా అలా తూస్తూనే గడిపారు.

తీరా కొత్త కెమెరా ఫొటోలో చిన్న నక్షత్రాలు సగానికి సగం లేవు! ఇదే నిజమైతే మాస్టారి బరువులన్నీ తప్పే. దాచడానికి మనసొప్పక ఆవిడ మాస్టారికి ఫోన్ చేసి చెప్పేసింది. ఆయన "సరేనమ్మా" అని పెట్టేశారు. ఆ ఒక్క మాట ఆవిడను పీక్కుతింది.

ఉండబట్టలేక మళ్ళీ మొదటినుంచీ చూసింది. పెద్ద నక్షత్రాల మెరుపు అడ్డురాకుండా ఫొటోలో వాటిమీద నల్లటి బిళ్ళలు పెడతారు. కొత్త కెమెరా అంతే సైజు ఫొటోలో ఇంకా ఎక్కువ ఆకాశాన్ని ఇరికిస్తుంది, దాంతో నక్షత్రాలు మరీ దగ్గర దగ్గరగా పడతాయి. ఈ మహాతల్లి పాత సైజు బిళ్ళలే పెట్టింది. అవి చుట్టూ ఉన్న చిన్నవాటినీ మింగేశాయి. బిళ్ళలు చిన్నవి చేయగానే అన్నీ బిలబిలమంటూ బయటపడ్డాయి, పాత లెక్కకు సరిపోయేన్ని.

"మూత పెట్టేసి గిన్నె ఖాళీ అన్నానా!" అని తల బాదుకుంది. తప్పు చేసి ఇంత సంతోషపడటం ఆవిడకు అదే మొదలు.

ఆ సాయంత్రమే మాస్టారింటికి పరుగెత్తింది.

"తప్పు నాదే మాస్టారూ. మీ బరువులన్నీ సరైనవే," అని బిళ్ళల సంగతంతా చెప్పింది.

"అమ్మయ్య!" అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వారు.

అప్పుడు చూసింది గోడ వైపు. ఆయన మొట్టమొదట తూచిన గెలాక్సీ ఫొటో ఉండే చోట మేకు ఒక్కటే ఉంది.

"ఫొటో ఏదండీ?"

"నువ్వు ఫోన్ చేసిన రోజే తీసి మంచం కిందికి తోసేశాను."

"అదేంటి! నా లెక్క సరిగ్గా చూసుకున్నానో లేదో ఒక్క మాటైనా అడగలేదేం?"

"లెక్కపెట్టింది నువ్వు కదమ్మా. ఇంకేం అడుగుతాను?"

లెక్కలక్క మంచం కింద నుంచి ఫొటో బయటికి లాగి, కొంగుతో తుడిచి, స్టూలెక్కి మేకుకు తగిలించింది.

"కాస్త ఎడమకి," అన్నారు మాస్టారు.