విమల గారు ఒప్పుకోని మాట

స్కానర్ వేడెక్కినప్పుడు వచ్చే దుమ్ము వాసన తగిలితే నాకు ఇప్పటికీ విమల గారే గుర్తొస్తారు. ఇప్పుడు నేను పనిచేసే ఆష్‌బర్న్ ఆఫీసులో స్కానర్‌కూ అదే వాసన. ఎమ్మెస్ చదివే రోజుల్లో మిషిగన్‌లో మా యూనివర్సిటీ మ్యూజియంలో పార్ట్‌టైమ్ చేశాను. అక్కడి రికార్డులన్నీ ఆవిడే చూసేవారు. గుంటూరు మనిషి. అరవై దాటిన వయసు. ‘ఆంటీ’ అంటే పలికేవారు కాదు.

ఒకరోజు ఒక పాత పుస్తకంలోని బొమ్మ నకలు స్కాన్ చేశాను. తోలుకోటు తొడుక్కున్న, ఉత్తరధ్రువపు మంచుప్రాంతాల ఇన్యూట్ జాతి స్త్రీ, ఆమె కోటు టోపీలోంచి తొంగిచూస్తున్న పసిబిడ్డ. కింద టైప్ చేశాను: ‘నావికులతో ఇంగ్లండ్ వచ్చిన తల్లీబిడ్డలు.’

“వచ్చారా? టికెట్ బుక్ చేసుకునా?” అన్నారు విమల గారు.

“బుక్‌లో అలాగే ఉందండీ.”

“ఆ బుక్ రాసింది తీసుకెళ్లినవాళ్లు బాబూ.”

కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఉత్తర సముద్రాలకు వెళ్లిన ఇంగ్లిష్ ఓడవాళ్లు ఆ తల్లీబిడ్డలనూ, వేరేచోట ఒక మగమనిషినీ పట్టుకున్నారు. ఒకరికొకరు ముక్కూమొహం తెలియని ఆ స్త్రీనీ, మగమనిషినీ ఒకచోట ఉంచి, ఎలా మసలుకుంటారో వింతగా గమనించారు. ఒడ్డు చేరిన కొద్ది వారాలకే ముందు అతను, తర్వాత ఆమె, ఆఖరున బిడ్డ పోయారు. చెబుతున్నంతసేపూ ఆవిడ గొంతు మారలేదు.

“ఇప్పుడు వెర్బ్ మార్చు” అన్నారు.

నేనింకా మార్చకముందే, ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ కింద ‘అతిథులు’ అని పెట్టమన్నాడు మ్యూజియం డైరెక్టర్. ఉన్నదున్నట్టు రాస్తే చూసేవాళ్లు ఇబ్బంది పడతారట. “తిరిగి వెళ్లనివ్వని వాళ్లు గెస్ట్స్ ఎలా అవుతారు?” అని ఆవిడ మీటింగులోనే అడిగారు. వారంలో ఆ ఎగ్జిబిషన్ పని ఆవిడ చేతినుంచి తీసేశారు. గోడమీద ‘అతిథులు’ అనే పడింది. ఆ మీటింగులో నేనూ ఉన్నాను, నోట్సు రాసుకుంటూ.

“నేనూ మాట్లాడాల్సిందండీ” అన్నాను తర్వాత.

“మాట్లాడలేదుగా. రికార్డు నీ చేతిలోనే ఉంది. అందులోనైనా కరెక్ట్‌గా రాయి.”

రికార్డులో ‘నావికులతో ఇంగ్లండ్ వచ్చిన’ తీసి, ‘నావికులు ఇంగ్లండ్‌కు బలవంతంగా ఎత్తుకొచ్చిన’ అని మార్చాను. మార్చినవారి పేరు అన్నచోట నా పేరు వేశాను.

ఆవిడ రిటైరయ్యాక మళ్లీ కలవలేదు. ఇప్పుడు నేనే మేనేజర్‌ని. పోయిన నెల మా టీమ్‌లో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. ‘మన సహచరులు ఇద్దరు మనల్ని వీడి వెళ్తున్నారు’ అని పైనుంచి మెయిల్ సిద్ధంగా వచ్చింది, పంపడమే తరువాయి. పంపలేకపోయాను. ఆ వాక్యం చెరిపేసి, ‘ఇద్దరిని తీసేశాం. వాళ్ల పేర్లు ఇచ్చింది నేను’ అని రాసి పంపాను.