నాన్న చెప్పిన ఇంటిపేరు మాది కాదు

అబద్ధాలాడకండి. కొత్త మనిషి కనపడగానే "మీ ఇంటిపేరేంటండీ" అని నవ్వుతూ అడుగుతారే... మీరు అడిగేది ఇంటిపేరు కాదు, కులం.

మా చిన్నప్పుడు, ఎనభైల్లో, కారంపూడి దగ్గర మా ఊళ్లో ఆ ప్రశ్న ఇంకా సూటిగా ఉండేది. "ఎవురోళ్లురా మీరు?"

మా ఇంటిపేరు సున్నపు. ముత్తాత బట్టీలో సున్నం కాల్చేవాడట. ఆసాములకు వాళ్ల పూర్వీకుల ఊళ్లు ఇంటిపేర్లయ్యాయి... మాకు చేతులు కాల్చిన పని ఇంటిపేరైంది. "మన సున్నం పడని గోడ ఈ ఊళ్లో లేదే" అనేది నాయనమ్మ మా అక్కతో, గర్వంగానే. ఆ గోడల లోపలికి మాత్రం తనెప్పుడూ అడుగు పెట్టలేదు.

నాన్న ఓ ఆసామి దగ్గర జీతానికుండేవాడు. "ఎవురోళ్లు" అని ఎవరడిగినా జీతగాళ్లు ఆసామి ఇంటిపేరే చెప్పాలి. అక్కను బళ్లో వేసిన రోజు సారు "ఇంటిపేరు?" అనగానే నాన్న నోటికి అదే వచ్చింది. సారు దాన్నే అక్క ఇంటిపేరుగా రాసేశారు. ఏం రాశారో చదువు రాని నాన్నకు తెలియలేదు...

ఏడో తరగతిలో అక్కే ఫస్టు. మాచర్లలో హాస్టల్ సీటుకు కుల సర్టిఫికెట్ కావాలన్నారు. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో గుమాస్తా బడి కాగితం చూసి, పక్కాయనకు చూపించి మరీ నవ్వాడు.

"ఏందయ్యో, బళ్లోనేమో పెద్దోళ్ల ఇంటిపేరు... సీటు కాడికొచ్చేసరికి కులం మారిందా?"

"తప్పు నాదేనయ్యా. పిల్లకేం తెలుసు..." అన్నాడు నాన్న.

దిద్దాలంటే "వీళ్లు మా వాళ్లు కారు" అని ఆసామి రాసివ్వాలన్నారు. నాన్న వెళ్లి నిలబడ్డాడు. ఆసామి మంచం మీంచి లేవను కూడా లేదు.

"మా ఇంటిపేరు నీ కూతురికి తగిలిచ్చావంట్రా? చానా బలిసింది నీకు!"

సంతకం పెట్టలేదు. సీటు ఇంకొకరికి పోయింది. అక్క బట్టీ దగ్గర రాళ్లు ఏరడానికి పోయింది... ముత్తాత పనిలోకే. తన పుస్తకాలు నాకిచ్చింది. ఈ నాలుగు ముక్కలు వాటితో నేర్చుకున్నవే. హాస్టల్ మాటెత్తితే అక్క ఇప్పటికీ లేచి వెళ్లిపోతుంది.

మారిందేముంది? మొన్న నరసరావుపేటలో మా అబ్బాయి అద్దెకు ఇల్లు చూశాడు. ఇంటాయన గదులన్నీ తిప్పి చూపించాడు. ఆఖర్న ఇంటిపేరు అడిగాడు. మావాడు "సున్నపు" అనగానే, "అయ్యో, ఇందాకే ఎవరో అడ్వాన్స్ ఇచ్చెళ్లారు బాబూ" అన్నాడు. గోడలకు కొత్త సున్నం వాసన ఇంకా పోలేదట...

అందుకే అడుగుతున్నాను.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఇంటిపేరు అడక్కండి.

బడి ఫారంలో రాసింది తల్లిదండ్రులకు చదివి వినిపించండి.

తప్పు పడితే దిద్దండి. దానికి ఏ ఆసామి సంతకమూ అడక్కండి.

మీ ఇంటిపేరు మిమ్మల్ని ఏ గుమ్మం దగ్గర ఆపిందో కింద రాయండి.

మా అక్క సీటు మాత్రం అడగను. అది మీరివ్వలేరు.